నజ్మీన్ రాసిన మొదటి టెస్టు

పోయిన వారం మనం నజ్మీన్‌ను బ్రాడీపేటలో కోటిరత్నం గారి గుమ్మం ముందు, తలుపు తట్టాలా వద్దా అని నిలబడి ఉండగా వదిలాం. మధ్యలో వచ్చి చేరినవారి కోసం జరిగింది చెబుతాను. నజ్మీన్ గుంటూరులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆ కంపెనీ తయారుచేసిన ‘చేనుకబురు’ అనే యాప్‌ను మిరప, పత్తి వేసే రైతులు ఫోన్లలో పెట్టుకున్నారు. ఏ రోజు ఏ మందు కొట్టారో అందులో నమోదు చేస్తే, ఎన్నో తారీఖు దాకా ఆ చేలోకి మనుషులు దిగకూడదో అది లెక్కగట్టి చెబుతుంది. జనవరి చివర ప్రత్తిపాడు అవతల అంకమ్మరావు అనే రైతు తన మిరప చేలో మందు కొట్టించాడు. ఏడు రోజులు ఆగాల్సిన మందు. రెండో రోజే యాప్ ‘కోతకు దిగవచ్చు’ అని చూపించింది. పదకొండు మంది ఆడవాళ్లు కాయ కోయడానికి దిగి, మధ్యాహ్నానికల్లా వాంతులతో గట్టు మీద పడిపోయారు. పదిమంది వారంలోపు కోలుకున్నారు. సుబ్బరావమ్మ మాత్రం పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, కాళ్లలో పట్టు పోగొట్టుకుని ఇంటికి వెళ్లింది. ప్రమాదానికి మూడు రోజుల ముందే అప్‌డేట్ పంపిన కొత్త ఉద్యోగి శ్రీకృష్ణదే తప్పని తేల్చి అతన్ని మాన్పించారు. యాప్ మూతపడింది. ఇప్పుడు జూన్. మళ్లీ విత్తనాలు వేసే రోజులు వచ్చాయి.

కోటిరత్నం గారు తలుపు తీసి, ఎండలో నిలబడ్డ నజ్మీన్‌ను ఎగాదిగా చూసింది.

“ఎంతసేపటి నుంచి నిలబడ్డావు? కిటికీలోంచి చూస్తానే ఉన్నా. ఎప్పుడు కొడతావా తలుపు అని.”

“మీరు కోపంగా ఉన్నారేమో అనుకున్నానండి.”

“కోపమే. లోపలికి రా.”

ఆవిడ వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఆ తర్వాత మూడేళ్లు చేనుకబురులో పనిచేసింది. కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాము ఒక్క వరుస కూడా రాయలేదు. ఆవిడ పని పరీక్షించడం. కొత్త వెర్షన్ తయారైన ప్రతిసారీ ఫోను చేతిలో పెట్టుకుని, రైతు ఎట్లా వాడతాడో అట్లా వాడి, నోటు పుస్తకంలో ఒక్కో ప్రశ్నకూ ఎదురుగా టిక్కు పెట్టేది. టిక్కులన్నీ పడితేగాని వెర్షన్ బయటికి వెళ్లేది కాదు. పోయిన డిసెంబరులో మోకాలి ఆపరేషనని మానేసింది. ఆవిడ కుర్చీలో ఇంకొకరిని పెట్టుకుందామని కంపెనీ యజమాని ఖలీల్ అన్నాడు. పెట్టుకోలేదు. ఆవిడ చేసే తనిఖీలన్నీ ప్రోగ్రాముల రూపంలో రాసేస్తాను, కంప్యూటరే చేసుకుంటుంది అని నజ్మీన్ అంది. అదీ రాయలేదు.

“నోటు పుస్తకం కోసం వచ్చాను,” అంది నజ్మీన్.

కోటిరత్నం గారు వాకర్ పట్టుకుని లోపలికి వెళ్లి, నీలం అట్ట పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. నూటపన్నెండు ప్రశ్నలు. నలభై ఏడో ప్రశ్న దగ్గర నజ్మీన్ వేలు ఆగిపోయింది. ‘నెలాఖరున మందు కొడితే గడువు వచ్చే నెలలోకి పోతుందా. 30, 31, ఫిబ్రవరి 28 మూడూ చూడాలి.’ దానికి ఎదురుగా మూడేళ్ల టిక్కులు, చిన్నచిన్నవి, ఒకే సైజులో వరుసగా ఉన్నాయి. డిసెంబరు తర్వాత గడులన్నీ ఖాళీ.

“నీకు గుర్తుందా నజ్మీన్? మానేసే రోజున నీ చేతికిస్తే, మీ దగ్గరే ఉంచండి, తర్వాత తీసుకెళ్తానన్నావు.”

“గుర్తుందండి.”

“ఆ ఆడవాళ్లు పడిపోయారని టీవీలో చూసినప్పుడు నేను మంచం మీద ఉన్నా. తారీఖు విన్నాక ఈ పుస్తకమే తీసి చూశా. ఈ ఒక్క ప్రశ్న ఎవరన్నా అడిగుంటే చాలు కదా అనుకున్నా. ఫోన్ చేసి నీతో అందామని చెయ్యి దాకా వచ్చింది. నువ్వేం బాధలో ఉన్నావో అని ఊరుకున్నా.” ఆవిడ పుస్తకం నజ్మీన్ వైపు జరిపింది. “కంప్యూటరే చేసుకుంటుందన్నావే, అదెట్లాగో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. చెప్పు.”

నజ్మీన్ చెప్పింది. ఇందులోని ప్రశ్నే తీసుకుంటాం. జనవరి ఇరవైతొమ్మిదిన మందు కొట్టారు, ఏడు రోజులు ఆగాలి, గడువు ఎప్పుడు? సరైన జవాబు ఫిబ్రవరి ఐదు. ఆ ప్రశ్నా జవాబూ రెండూ ముందే ఒక చిన్న ప్రోగ్రాములో రాసి పెడతాం, దాన్నే టెస్టు అంటాం. అది యాప్‌ను అడుగుతుంది. యాప్ చెప్పిందీ మనం రాసిందీ ఒకటైతే పచ్చగా చూపిస్తుంది, తేడా వస్తే ఎర్రగా చూపిస్తుంది. ఎవరు ఎంత చిన్న మార్పు చేసినా వెంటనే అన్ని ప్రశ్నలూ మళ్లీ అడుగుతుంది. విసుగుండదు, మోకాలి నొప్పుండదు.

“ఒక్కటి ఎర్రగా వచ్చినా వెర్షన్ బయటికి పోదన్నమాట.”

“పోకుండా కట్టడి చెయ్యొచ్చండి.”

“మరెందుకు రాయలేదు అప్పుడు?”

నజ్మీన్ దగ్గర జవాబు లేకపోలేదు. రైతులు కొత్త సౌకర్యాలు అడిగేవారు. ఖలీల్ తొందరపెట్టేవాడు. టెస్టులు రాస్తే ఆ రోజుకి ఎవరికీ కనిపించే పని ఏదీ జరగదు. నూటపన్నెండూ ఒక్కసారిగా రాయాలంటే నెల పడుతుంది, ఆ నెల దొరకలేదు. ఇవన్నీ నిజాలే. ఏదీ పైకి అనలేకపోయింది.

“మొత్తం రాయాలని కూర్చోబట్టి ఒక్కటీ రాయలేదు,” అంది చివరికి.

“అయితే ఒక్కటే రాయి. ఏది తప్పితే మనిషికి దెబ్బ తగులుతుందో అది ముందు. మిగతావి ఒకదాని తర్వాత ఒకటి. నేనూ మొదటి రోజు నాలుగే రాసుకున్నా.”

*

మరుసటి రోజు ఆదివారం. ఆఫీసులో ఎవరూ లేరు. రెండో అంతస్తు కిటికీలోంచి చూస్తే మిర్చి యార్డు వైపు వెళ్లే లారీలు సీజను అయిపోయి పల్చబడ్డాయి. నజ్మీన్ ఉదయం తొమ్మిదికి కూర్చుంది. టెస్టులు నడిపే పనిముట్టు కంప్యూటరులో ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నలభై ఏడో ప్రశ్నను ప్రోగ్రాముగా రాస్తే తొమ్మిది వరుసలు వచ్చాయి. కాఫీ చల్లారకముందే అయిపోయింది. అంతే పని. ఆరు నెలలుగా, నెల పడుతుందనుకుని పక్కన పెట్టిన పనిలో మొదటి మెట్టు అరగంట. ఆ అరగంటే ఆమె గుండెల మీద కూర్చుంది.

ప్రమాదం నాటి వెర్షన్ మీద టెస్టు నడిపింది. ఎర్రగా వచ్చింది. వస్తుందని తెలుసు. ‘రావాల్సింది ఫిబ్రవరి 5, వచ్చింది జనవరి 5’ అని కింద రాసి ఉంది. జనవరి ఐదు ఎప్పుడో దాటిపోయిన తారీఖు. అందుకే యాప్ కోతకు దిగవచ్చంది.

తర్వాత చేసిన పని ఆమె ఏదో అనుమానంతో చెయ్యలేదు. ఫైలు పూర్తి చేద్దామనే ఉద్దేశంతో చేసింది. ప్రోగ్రాములో ఎవరు ఏ రోజు ఏం మార్చారో కంపెనీ కంప్యూటరులో అంతా భద్రంగా ఉంటుంది. ఏ రోజుకైనా వెనక్కి వెళ్లి ఆనాటి యాప్‌ను మళ్లీ చూడొచ్చు. తప్పు శ్రీకృష్ణ చేసిన ఏ మార్పుతో వచ్చిందో పట్టుకుని, టెస్టు పక్కన తారీఖు రాసి ఉంచితే, ఇంకొకరు అదే తప్పు చెయ్యరు అనుకుంది.

జనవరి ఇరవై ఎనిమిది, అంటే శ్రీకృష్ణ అప్‌డేట్ పంపిన బుధవారం. ఎరుపు.

ఇరవై ఏడు. ఎరుపు.

ఇరవై మూడు. ఎరుపు.

శ్రీకృష్ణ ఉద్యోగంలో చేరింది పంతొమ్మిదో తారీఖు, సోమవారం. దానికి ముందు శుక్రవారానికి వెళ్లి నడిపింది. ఎరుపు.

నజ్మీన్ చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసింది. టెస్టే తప్పుగా రాశానేమోనని తొమ్మిది వరుసలూ చదివింది. సరిగానే ఉన్నాయి. మళ్లీ వెనక్కి వెళ్లింది. జనవరి పన్నెండు, ఎరుపు. పదకొండు, పచ్చ.

పన్నెండో తారీఖున మార్పు ఒక్కటే జరిగింది. చేసినవారి పేరు దగ్గర ‘నజ్మీన్’ అని ఉంది. ఏం మార్చారో రాసే చోట రెండే మాటలు. ‘చిన్న సర్దుబాటు.’

ఆమెకు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. నెలల పేర్లు తెలుగులో కనిపించాలని రైతులు అడిగారు. అందుకని తారీఖును, నెలను విడదీసి రాసింది. గడువు రోజులు కలిపేటప్పుడు తారీఖు ముప్పై ఒకటి దాటితే మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేలా చేసింది. నెలను ముందుకు జరపడం మరిచిపోయింది. సరిగా పనిచేస్తోందా అని చూసింది కూడా. ఆ రోజు తారీఖే వేసి చూసింది. పన్నెండుకు ఏడు కలిపితే పంతొమ్మిది, ‘జనవరి పంతొమ్మిది’ అని ముచ్చటగా తెలుగులో కనిపించింది. సంతోషించి ఇంటికి వెళ్లింది. నెల చివరి దాకా ఆ తప్పు ఎవరి కంటా పడే అవకాశం లేదు. నెల చివర అది నేరుగా అంకమ్మరావు చేలోకి వెళ్లింది.

*

ఖలీల్ పదకొండు గంటలకు వచ్చాడు. యాప్ మళ్లీ తెరిచే పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన మనిషి, నజ్మీన్ మొహం చూసి బల్ల అంచు మీదే కూర్చున్నాడు. ఆమె ఏమీ దాచకుండా, వెర్షన్ తర్వాత వెర్షన్ నడిపి చూపించింది. పదకొండు, పచ్చ. పన్నెండు, ఎరుపు. అతను రెండుసార్లు నడిపించుకున్నాడు.

“ఇంకెవరికన్నా చెప్పావా?”

“లేదు భాయ్. ముందు మీకే.”

“మంచిది.” అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లి, ఎవరూ లేని ఆఫీసులో తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. “నేను చెప్పేది కొంచెం విను. తప్పు సరిదిద్దాం. ఇక ముందు రాకుండా టెస్టు కూడా రాశావు. మిగతావీ రాద్దాం, నెల కాదు రెండు నెలలు తీసుకో. ముప్పై ఊళ్ల రైతులు ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నారు. ఇప్పుడు పోయి తప్పు ఆ అబ్బాయిది కాదు, మా సీనియర్‌ది అంటే ఇంకెవరు నమ్ముతారు మనల్ని?”

“శ్రీకృష్ణ సంగతి?”

“చిన్నవాడు. ఇంకో ఉద్యోగం చూసుకుని ఉంటాడు.”

“ఆడవాళ్లను ఆసుపత్రిపాలు చేశాడని పేరు పెట్టి పంపాం భాయ్. ఎవరిస్తారు అతనికి ఉద్యోగం?”

ఖలీల్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. సుబ్బరావమ్మ ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రోజులూ పొద్దున్నే వెళ్లి, వార్డు బయట బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు. లోపలికి వెళ్లే ధైర్యం మాత్రం ఒక్కరోజూ చెయ్యలేదు.

“ఆ రోజు మీటింగులో నేను ఎవరి వైపూ వేలు చూపించలేదు నజ్మీన్. బుధవారం అప్‌డేట్ ఎవరు పంపారని అడిగాను. నేనేనండి అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. తనే ఒప్పుకున్నాడనుకున్నా.”

“నేనూ అట్లాగే అనుకున్నా.”

“అతను ఎందుకు ఊరుకున్నాడు మరి?”

నజ్మీన్ కంప్యూటరు ఆపేసి, శ్రీకృష్ణ చేరినప్పుడు ఇచ్చిన కాగితాల్లోంచి అతని ఊరి చిరునామా రాసుకుంది. ఖలీల్ చూస్తూనే ఉన్నాడు. వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు.

*

సోమవారం ఉదయం బస్సు చిలకలూరిపేట, అద్దంకి దాటి దర్శి చేరేసరికే ఎండ ముదిరింది. దారికి రెండు పక్కలా పత్తి కట్టె పీకేసి దున్నిన చేలు వానకోసం చూస్తున్నాయి. పొదిలి దాటాక నేల ఎర్రబారి, రాళ్లు తేలి, చివరికి కనిగిరి కొండ కనిపించింది. శ్రీకృష్ణతో ఏమనాలో ఆమె నాలుగు విధాలుగా అనుకుంది. బస్సు దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

బస్టాండు ఎదురు సందులో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. లోపల శ్రీకృష్ణ ఒక ముసలాయన పింఛను కాగితాలు స్కాన్ చేస్తున్నాడు. తల ఎత్తి చూశాడు.

“కూర్చోండి మేడమ్. ఈయన పని చూసి వస్తా.”

ముసలాయన తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. అతను ఎవరినీ తొందరపెట్టలేదు. పుట్టిన తేదీ తప్పు పడిన ఒకావిడకు ఆ తారీఖు మూడుసార్లు చదివి వినిపించి, సరిగా ఉందా అమ్మా, మళ్లీ చూసుకోండి అని అడిగి, అప్పుడు మీట నొక్కాడు. నజ్మీన్ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని అదంతా చూసింది. అతను తమ కంపెనీలో పనిచేసింది పదహారు రోజులు. ఆ పదహారు రోజుల్లో అతను పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసిన గుర్తు ఆమెకు ఒక్కటీ లేదు.

షాపు ఖాళీ అయ్యాక అతను కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

“చెప్పండి.”

“తప్పు నీది కాదు శ్రీకృష్ణా. నాది. జనవరి పన్నెండున నేను చేసిన మార్పులో ఉంది. నువ్వు అప్పటికి చేరనే లేదు. నిన్ననే తెలిసింది. తెలియగానే వచ్చాను.”

అతని మొహంలో ఆమె ఎదురుచూసినదేదీ కనిపించలేదు. ఆశ్చర్యం లేదు, కోపమూ లేదు.

“నిన్న తెలిసిందా?” అన్నాడు మెల్లగా.

“అవును. టెస్టు రాసి వెనక్కి వెనక్కి నడిపితే…”

“నలభై ఏడో ప్రశ్నా?”

నజ్మీన్ స్టూలు ముందుకు జరుపుకుంది. “నీకెట్లా తెలుసు?”

“చేరిన రెండో రోజు కోటిరత్నం గారి ఇంటికి వెళ్లా. ఇంతకుముందు టెస్టింగ్ ఎవరు చేసేవారని ఆఫీసులో అడిగితే ఆవిడ పేరు చెప్పారు. పుస్తకం చూపించమంటే చూపించింది, ఆఫీసులో నేనే చెప్తానన్నా. ఫోనులో ఫోటోలు తీసుకున్నా. మా కాలేజీలో ఒక సారు టెస్టులు రాయడం బాగా చెప్పేవాడు. ఎవరూ అడక్కపోయినా రోజూ సాయంత్రం రెండు మూడు రాసుకునేవాణ్ణి. గురువారం పొద్దున నలభై ఏడు రాశా. ఎర్రగా వచ్చింది. వెనక్కి నడిపా. పన్నెండో తారీఖు దగ్గర ఆగింది.”

“గురువారం అంటే…”

“ఇరవైతొమ్మిది. అంకమ్మరావు గారు మందు కొట్టించిన రోజు. అప్పుడు నాకా సంగతి తెలియదులెండి.”

బయట ఆర్టీసీ బస్సు ఒకటి గట్టిగా హారన్ కొట్టుకుంటూ మలుపు తిరిగింది.

“తెలిసి ఎవరికీ చెప్పలేదా?” అంది నజ్మీన్. అడుగుతూండగానే తన గొంతులో నింద ఆమెకే వినిపించింది.

“చెప్పాను.”

“ఎవరికి?”

“మీకే మేడమ్.”

అతను సొరుగు తీసి, మడత పెట్టిన కాగితం బయటికి తీశాడు. మాన్పించిన రోజున, మెయిల్ మూసేయకముందు ప్రింటు తీసుకున్నదట. బల్ల మీద పరిచి ఆమె వైపు తిప్పాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి నజ్మీన్ పేరున పంపిన మెయిల్. విషయం దగ్గర ‘టెస్టులు మొదలుపెట్టడం గురించి’ అని ఉంది.

మొదటి పేరాలో టెస్టులు ఎందుకు మంచివో వినయంగా రాశాడు. రెండో పేరాలో కోటిరత్నం గారి పుస్తకం సంగతి. మూడో పేరా ఇది: ‘నెల దాటే గడువులన్నీ తప్పుగా వస్తున్నాయి. నిన్న పంపిన అప్‌డేట్‌లో కూడా ఈ తప్పు ఉంది. ఎల్లుండే నెలాఖరు. అప్‌డేట్ వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు. మీరు ఊ అంటే ఇప్పుడే తీసేస్తాను.’

దాని కింద నజ్మీన్ జవాబు. సాయంత్రం ఐదూ పదికి, ఫోను నుంచి.

‘సోమవారం చూద్దాం.’

ఆమె కాగితం ముట్టుకోలేదు. తన ఫోను తీసి వెతికింది. మెయిల్ అక్కడే ఉంది. జవాబూ ఉంది. ఎవరూ తీసేయలేదు, ఎవరూ దాచలేదు. ఐదు నెలలుగా ఆమె చేతిలోనే ఉంది.

గురువారం. తెనాలిలో చిన్నమ్మ కూతురు అర్ఫా నిఖా. ఫంక్షన్ హాల్లో ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోను. విషయం ఒక్కటే చదివింది. టెస్టులు మొదలుపెట్టాలని అతను అంతకుముందే రెండుసార్లు అడిగి ఉన్నాడు. మళ్లీ అదే గోల అనుకుంది. కొత్తగా చేరినవాళ్లకు ఉత్సాహం ఎక్కువ అని నవ్వుకుంది కూడా. రెండు మాటలు కొట్టి ఫోను సంచిలో వేసింది.

“నేను చదవలేదు,” అంది. “పైన ఉన్నది చూసి జవాబిచ్చాను శ్రీకృష్ణా. లోపల చదవలేదు.”

“జవాబు వచ్చింది కాబట్టి చదివారనుకున్నా. పెద్దవాళ్లు, అన్నీ తెలిసి సోమవారం అన్నారంటే ఏదో లెక్క ఉంటుందనుకున్నా.” అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. “శుక్రవారం ఖలీల్ గారికి ఫోన్ చేశా. హైదరాబాద్‌లో ఉన్నా, నజ్మీన్‌ని అడుగు అన్నారు. ఏం తప్పో, ఎంత తొందరో ఆయనకు విడమరిచి చెప్పాల్సింది. మీకు మళ్లీ ఫోన్ చెయ్యాల్సింది. పెళ్లిలో ఉన్నారు, విసుక్కుంటారేమోనని ఊరుకున్నా. ఆ ఒక్క ఫోను చెయ్యనందుకు నన్ను నేను రోజూ తిట్టుకుంటా. అందుకే మీటింగులో నా తప్పేమీ లేదని గట్టిగా అనలేకపోయా.”

“నువ్వు ఆ కాగితం అప్పుడే చూపించి ఉంటే…”

“మీరు ఎదురుగానే కూర్చున్నారు మేడమ్. అప్‌డేట్ పంపింది నేనేనని చెప్పి, మీ వైపు చూశా. మీరు చెబుతారని. ఇతను ముందే చెప్పాడు, నేనే ఆగమన్నానని ఒక్క మాట అంటారని. మీరు తల దించుకుని ఏదో రాసుకుంటున్నారు.”

నజ్మీన్‌కు ఆ చూపు గుర్తుంది. తప్పు చేసినవాడు జాలి కోసం చూస్తున్నాడని అప్పుడు అనుకుంది. జాలి పడింది కూడా. ఇప్పుడు ఆ జాలి తలుచుకుంటే ఒళ్లంతా చీదరగా అనిపించింది. కళ్లనీళ్లు వచ్చాయి. అవి అతనికి చూపించే హక్కు తనకు లేదనిపించి, కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

శ్రీకృష్ణ లేచి మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగేదాకా ఆగి, సొరుగులోంచి ఇంకో కవరు తీశాడు.

“మొన్న వచ్చింది. సుబ్బరావమ్మ గారి కూతురు అఖిల అని, ఆ అమ్మాయి కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదు పెట్టిందట. విచారణకు రమ్మన్నారు. బుధవారం పది గంటలకు, గుంటూరులో. తప్పు నీదేనా అని నన్ను అడుగుతారు. అవునంటే అక్కడితో నాదైపోతుంది. కాదంటే ఎవరిదని అడుగుతారు. ఈ కాగితం ఇవ్వాలి. రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. ఈలోపు మీరే వచ్చారు.”

“ఇవ్వు,” అంది నజ్మీన్.

“మీ ఉద్యోగం, మీ పేరు…”

“ఇవ్వు శ్రీకృష్ణా. కానీ బుధవారం దాకా ఆగొద్దు. సుబ్బరావమ్మ గారి వాళ్లకి ఈ సంగతి ఒక ఆఫీసులో, ఎవరో కాగితం చదువుతుంటే తెలియకూడదు. ఆ ఫిర్యాదులో నంబరు ఉందా?”

అతను కవరు లోపలి కాగితం చివర చూపించాడు. పది అంకెలు. నజ్మీన్ ఒక్కొక్కటీ చూసి నొక్కింది. అతను వద్దనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. షాపు షట్టరు సగానికి దించి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి ఎత్తారు.

“అఖిల గారాండి? మాది గుంటూరు. నా పేరు నజ్మీన్. చేనుకబురు యాప్ రాసింది నేను. మీ అమ్మగారి విషయంలో మీకొకటి చెప్పాలి.”

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దూరంగా ఎక్కడో మేక అరుపు వినిపించాయి. తర్వాత మంచం కిర్రుమంది. ఎవరో మోచేతుల మీద బలం వేసి, కష్టంగా లేచి కూర్చుంటున్నట్టు ఊపిరి ఎగపోయడం వినిపించింది.

“అఖిల మందుల షాపుకి పోయిందమ్మా,” అంది అవతలి గొంతు. “నేను సుబ్బరావమ్మని. చెప్పు, వింటన్నా.”